కూలర్ గాలికి రాలిన ఉపగ్రహాలు

మా కోయిలకుంట్లలో ఒక ఎండాకాలం కోడి ఉడికిన గుడ్డే పెట్టిందనీ, ఉప్పూ మిరియాలూ చల్లుకుని తిన్నాననీ స్టాఫ్ రూంలో ప్రమాణం చేసి చెప్పినవాణ్ణి నేను. కడప పొలిమేరల్లో నేను పనిచేసిన ఇంజనీరింగ్ కాలేజీలో నా మాటల్లో సగం కొట్టేసి, మిగతా సగాన్ని అనుమానించడం అందరికీ అలవాటు. కాబట్టి ఇప్పుడు రాసేది నిజమని ముందుగా చెప్పుకోవడం దండగ.

నలభై రెండేళ్ల వయసులో, ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీ వెలగబెడుతున్నాను. అప్పటికే రెండుసార్లు గడువు పొడిగించారు. మూడోసారి కావాలంటే యూనివర్సిటీ నుంచి వచ్చే ఇద్దరు ప్రొఫెసర్ల ముందు నా రిసీవర్ పది నిమిషాలు నిలకడగా పనిచేయాలి. లేదంటే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ల పని అంతటితో సరి.

రిసీవరంటే అరచేతిలో పట్టే బోర్డు ఒకటి. మిద్దెమీది యాంటెనాకు అందిన ఉపగ్రహాల సంకేతాన్ని అది అంకెలుగా మార్చి ల్యాప్‌టాప్‌కు ఇస్తుంది. మనం ఎక్కడున్నామో లెక్కగట్టే పనంతా నేను రాసిన ప్రోగ్రాముది. అది లెక్కగట్టేది కూడా, ఒక్క నిమిషం. ఆ తర్వాత సంకేతాన్ని పట్టుకున్న ఫ్రీక్వెన్సీ జారిపోయేది. తెరమీద ఆరు ఉపగ్రహాలకు ఆరు గీతలు. కాసేపు తిన్నగా నడిచి, వణికి, తూలి, రాలిపోయేవి.

తప్పు ప్రోగ్రాములోనే ఉందని మూడు నెలలు వెతికాను. కేబుళ్లు మార్చాను. కాలేజీ కరెంటు మీద అనుమానంతో బోర్డును బ్యాటరీ మీద నడిపాను. మహానంది పోయి గుండంలో మూడు మునకలు వేసొచ్చాను. గీతలు రాలుతూనే ఉన్నాయి. చివరికి ఆరింటినీ ఒకదానిమీద ఒకటి వేసి చూస్తే, అన్నీ ఒకే క్షణంలో ఒకే వైపు తూలుతున్నాయి. తలా ఒక దిక్కున తిరిగే ఉపగ్రహాలు కూడబలుక్కుని తూలవు కదా! తూలేది మన బోర్డే. బోర్డు మొత్తానికి వేగం చెప్పేది అందులోని శెనగగింజంత క్రిస్టల్. దానికేం రోగమో మాత్రం అంతుబట్టలేదు.

కంప్యూటరు గదిలోకి చెప్పులు విడిచి పోయే రోజులవి. మనుషులు ఉడికిపోయినా ఫరవాలేదు, మిషన్‌కు చల్లగాలి తగలాలి. మా అటెండరు నాకంటే పదేళ్లు పెద్ద. రోజూ పొద్దున్నే కూలర్‌లో రెండు బిందెల నీళ్లు పోసి, సరిగ్గా బోర్డుకు ఎదురుగా తిప్పి, "బిడ్డకు ఎండదెబ్బ తగలగూడదు సార్" అనేవాడు. నేను మురిసిపోయి ఇంకో జానెడు దగ్గరికి జరిపేవాణ్ణి.

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కూలర్ ఆగింది. ల్యాప్‌టాప్ తన బ్యాటరీ మీద, బోర్డు దాని బ్యాటరీ మీద నడుస్తూనే ఉన్నాయి. చెమట తుడుచుకుంటూ చూస్తే గీతలు మెల్లగా అన్నీ కలిసి వంగుతున్నాయి గానీ ఒక్కటీ రాలలేదు. ఐదు నిమిషాలు. పది. ఇరవై.

"ఏం సార్, బొమ్మ మాదిరి కూర్చుంటివే?" అన్నాడు అటెండరు.

"కూలరన్నా! మూడు నెలల్నించీ మనల్ని చంపుతాండేది ఆ కూలరే."

"మొన్నే గడ్డి మారిస్తి గదా సార్. శానా చల్లగా కొడతాంది."

"అదేనన్నా నేను చెప్పేది!"

కరెంటు వచ్చాక గడియారం పెట్టి చూశాను. గాలిని అటూ ఇటూ మళ్లించే కూలర్ రెక్కలు ఇటు తిరిగితే చల్లగాలి తగిలి గీతలు ఒక పక్కకు. అటు తిరిగితే గది వేడికి ఇంకో పక్కకు. మెల్లగా వేడెక్కితే ప్రోగ్రాము సర్దుకుంటుంది గానీ, ఇట్లా క్షణానికోసారి చల్లబడి వేడెక్కితే క్రిస్టల్ వేగం గెంతులేసి గీతలు రాలిపోతున్నాయి. మర్నాడు బోర్డును థర్మోకోల్ పెట్టెలో పెట్టి, మూతేసి, టేపు చుట్టాను. కూలర్ తిరుగుతున్నా రెండు గంటలు ఒక్క గీతా రాలలేదు.

ప్రొఫెసర్లు వచ్చిన రోజు ప్రిన్సిపాల్ గారు స్వయంగా కూలర్‌ను వాళ్ల కుర్చీల వైపు, అంటే నా బల్ల వైపే, తిప్పి ఫుల్లులో పెట్టారు. పెట్టె ఉందన్న ధైర్యంతో నేను ప్రోగ్రాము నడిపాను. నాలుగు నిమిషాలు గీతలు బుద్ధిగా నడిచాయి. ప్రొఫెసర్లలో పెద్దాయన గీతలను వదిలేసి పెట్టెను చూశాడు.

"దీంట్లో ఏముండాది?"

"బోర్డు సార్."

"బోర్డుకు ఇంత టేపు యాలప్పా?"

ప్రిన్సిపాల్ నవ్వారు. "ఈయప్పతో జాగ్రత్త సార్. పోయిన కాలేజీ డేకు బ్యాటరీ లేకుండా పాడే రేడియో అని చూపించినాడు. పూలకుండీలో బ్యాటరీ దాచిపెట్టి! ముఖ్య అతిథి చప్పట్లు గూడా కొట్టె."

"అట్లయితే తెరువు. లోపల అంగట్లో కొన్న రిసీవర్ ఉండాదేమో చూద్దాం."

"చల్లగాలి తగిలితే ఫ్రీక్వెన్సీ పోతుంది సార్. కూలర్ ఆపి తీస్తాను. పది నిమిషాలే."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు. "ఇంత ఎండలో పెద్దోళ్లొస్తే కూలర్ ఆపమంటాండావా? మర్యాద ఉండల్లప్పా!" అంటూ ప్రిన్సిపాలే టేపు చీల్చారు. మూత లేచింది. మొదటి గాలికి గీతలు వణికాయి. రెండో గాలికి ఆరూ పోయాయి.

పెద్దాయన బోర్డును అటూ ఇటూ తిప్పి చూశాడు. "మోసం లేదు, ఒప్పుకుంటా. నిలకడ గూడా లేదు గదప్పా."

రాలిన ఉపగ్రహాలను మళ్లీ పట్టుకోవడానికి ఆ ల్యాప్‌టాప్‌కు పావుగంట కావాలి. కింద భోజనాలు వడ్డించేశారు.

వాళ్లు భోజనానికి దిగాక మూత వేశాను. పావుగంటకు ఆరు గీతలూ తిరిగొచ్చాయి. ప్రొఫెసర్లు మాత్రం మళ్లీ పైకి రాకుండా, తిని అటునుంచి అటే కారెక్కారు. నాలుగు గంటలకు ప్రిన్సిపాల్ కాగితం తెచ్చేసరికి ఇంకా తిన్నగానే నడుస్తున్నాయి. ఫ్రీక్వెన్సీ నిలకడ లేనందున గడువు పొడిగింపునకు సిఫారసు చేయడం లేదని ఉంది. కింద రెండు సంతకాలు.

"చూడండి సార్, మూడు గంటల సేపట్నించీ నిలిచుండాయి."

ఆయన చాలాసేపే చూశారు. "నాకు చూపిస్తే ఏం లాభమప్పా? వాళ్ల కారు ఈపాటికి పులివెందుల దాటింటాది."

ఆయన పోయాక అటెండరును పట్టుకున్నాను. "అన్నా, నువ్వు కళ్లారా చూసినావు. సాక్షి సంతకం పెట్టు."

"పెడతా సార్. మీ మాటకు నా సాక్ష్యమంటే ఇంకా నవ్వుతారేమో."

జరిగిందంతా రెండు పేజీల్లో రాశాను. ఒక్క ముక్కా కల్పించలేదు. కింద అతను సంతకం పెట్టాడు. యూనివర్సిటీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఉత్తరం అందినట్టు కార్డు వారానికల్లా వచ్చింది. జవాబు రాలేదు.