రెండో తెల్ల గుడ్డ

మట్టితో మనిషిని చేసి ముక్కులో ఊపిరి ఊదిన దేవుని ముందు నిలబడి, ఆ ఊపిరిని మళ్లీ దుమ్ముతో నింపినందుకు ఏం జవాబు చెబుతారు? తాండూరులో నాపరాళ్లు కోయించే విశ్వాసులారా, మిమ్మల్నే అడుగుతున్నాను. పోయిన శుక్రవారం వికారాబాద్‌లో మా వదిన గుండె ఆగి చనిపోయింది. అడిగే మనిషి లేదని ఊరట పడకండి.

వదిన విశ్వవిద్యాలయంలో పనిచేసేది. "పాఠాలు చెప్తదా?" అని సంఘంలో చాలామంది అడిగేవారు. చెప్పదు. అక్కడి పరిశోధకులు కనిపెట్టిన వస్తువుకు పేటెంట్ తెప్పించి, తయారుచేసే వర్క్‌షాపును వెతికి, ఒప్పందం కుదిర్చి, వాడేవాళ్ల చేతికి చేర్చడం ఆమె ఉద్యోగం. "నీదే నయం మరిదీ" అనేది పాస్టర్‌నైన నాతో. "నీ వాక్యం ఊకెనే పంచుతవు. మేం మంచి వస్తువు ఇస్తమన్నా చెప్పులు అరగాలె."

చివరికి ఆమె చెప్పులు అరిగింది రాళ్ల కోత మిషన్‌కు బిగించే తొడుగు కోసం. దుమ్మును అక్కడికక్కడే పీల్చేస్తుంది. తాండూరు వర్క్‌షాపులో ఒకటి తయారైంది కూడా. దాన్ని చూపడానికి వదినకు ఒక పద్ధతి ఉండేది. తొడుగు లేకుండా ఒక పూట మిషన్ పక్కన తెల్ల గుడ్డ కడుతుంది. తొడుగు పెట్టాక ఇంకో పూట ఇంకో గుడ్డ. రెండూ యజమాని ముందు పరిచి ఊరుకుంటుంది.

మన సంఘ పెద్దగారి రాళ్ల కోత యూనిట్‌లో మొదటి గుడ్డ కట్టిన రోజు నేనూ వెంట ఉన్నాను. సాయంత్రానికి అది బూడిద రంగుకు తిరిగింది. ఆయన తల తిప్పుకున్నాడు.

"ముందుగాల పక్కాయనను పెట్టనీయుండ్రి మేడం. మంచిగుంటె నేనూ పెడత."

"పక్కాయన గూడ గిదే అన్నడు సేటు. ముందు నువ్వంటె నువ్వనుకుంట కూసుంటే, పనోళ్ల ఛాతీల రాయి పెరుగుతది."

మిషన్ మీది పనివాడు అందుకున్నాడు. "మా సేటు ముందుగాల ఉరికేది బిర్యానీకే మేడం." నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగేదాకా వదిన కదలలేదు. "వచ్చే వారం మళ్లీ వస్త" అని మాత్రం అంది.

వస్తానన్న ఆ వారం వదిన సమాధి దగ్గరికి ఆ పనివాడే వచ్చాడు. ప్రార్థన మధ్యలో దగ్గు వస్తే గేటు బయటికి పోయి నిలబడ్డాడు.

ప్రభువు చెప్పిన ఉపమానంలో, యజమాని ఇచ్చిన తలాంతు డబ్బును వాడకుండా పాతిపెట్టిన సేవకుడు దొంగ కాడు, భయపడ్డాడంతే. అయినా చీకటిలోకే తోసేశారు. వర్క్‌షాపు మూల ఆ తొడుగు టార్పాలిన్ పట్టా కింద పడి ఉంది. వదిన సంచిలో దొరికిన రెండో గుడ్డ మడత విప్పకుండా నా బైబిల్లో ఉంది. ఆదివారం దాకా ఆగకండి, పక్కవాడి వైపు చూడకండి. ఈరోజే, మిషన్ ఆన్ చేయకముందే, ఎవరో ఒకరు తొడుగు బిగించండి. గుడ్డ నేను వచ్చి కడతాను.