రెల్లు కాల్చి మొక్కలు నాటారు

ఈ రోజు భావనపాడు దారిలోని చిత్తడి నేలలో మా చర్చి వారు మొక్కలు నాటారు. చోటు కోసం అక్కడి రెల్లునంతా నిన్నే కాల్చేశారు. కాల్పించింది సంఘపెద్ద అయిన మా తమ్ముడే.

"రెల్లుతో ఏటి పనక్కా? సెయ్యి కోసేస్తాది," అన్నాడు, వేలి మీద గాటు చూపిస్తూ.

బడిలో సైన్సు చెప్పేదాన్ని, ఊరుకోలేకపోయాను. "ఆ పదును ఇసకలో ఉండే సిలికాదిరా. అదే రెల్లును నిలబెడతాది, సచ్చినా వేగం కుళ్ళనివ్వదు. గాల్లోని కార్బన్ ఆ బురదలోనే దాగుంటాది. నువ్వు పొగ సేసేసినావు."

"సర్లే, ముందు మొక్కలకి ప్రార్థన సెయ్యి. ఫొటో తియ్యాల."

బూడిదలో పాతిన సరుగుడు మొక్కల ముందు నిలబడ్డాను. కళ్ళు మూసుకుని, ఆ రెల్లే మళ్ళీ మొలవాలని పైకే ప్రార్థించాను. అలవాటుకొద్దీ అందరూ ఆమెన్ అన్నారు, మా తమ్ముడు తప్ప.

మీరైతే అనేవారా?