కింది ఇంటి అంకుల్ మూడో టేపు

“అమ్మా, అంకుల్ చనిపోయారు” అని మా అమ్మాయి కాలేజీ నుంచి మెసేజ్ పెట్టింది. నేను ఆఫీసు మీటింగ్‌లో ఉన్నాను. బల్ల కింద ఫోన్ పట్టుకుని “ఏ సీరియల్‌లో?” అని జవాబిచ్చాను.

కాసేపటికి “నిజంగా, అమ్మా” అని వచ్చింది.

ఆ జవాబుకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. కానీ మా ఇంట్లో ఆ వార్త కొత్తది కాదు. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా ఫ్లాట్ కింద పన్నెండేళ్లుగా ఉన్న ఆ అమెరికన్ పెద్దాయన నటుడు. హీరో కాదు. నలభై ఏళ్లకు పైగా సినిమాల్లో, టీవీలో జడ్జిగా, డాక్టరుగా, బ్యాంకు గుమాస్తాగా, బార్‌లో గ్లాసులు తుడిచే మనిషిగా వందల వేషాలు వేశారు. చాలా కథల్లో మొదటి పది నిమిషాల్లోనే ఆయన ప్రాణం పోయేది.

మా అమ్మాయి ఆరేళ్లప్పుడు మెట్ల దగ్గర ఆయన్ని ఆపి, “అంకుల్, మళ్ళీ ఎప్పుడు చచ్చిపోతారు?” అని అడిగింది.

“గురువారం. ఈసారి లిఫ్ట్‌లో” అన్నారు ఆయన. (మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగేవి. ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను.)

నేను దాని నోరు మూసేశాను. “ఛీ, ఏం మాటే అది! పెద్దవాళ్ళని అలా అడుగుతారా?”

మాది ఒంగోలు దగ్గర ఊరు. ఆ చావు మాట మా ఇంట్లో ఎంత కోపం వచ్చినా ఎవరూ అనరు. అన్నవాళ్ళ నోటి మీద మా నాయనమ్మ చెయ్యి పడేది. ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చోబెట్టి ప్రార్థన చేయించేది.

ఆయన మాత్రం నవ్వి, దానికి చనిపోయినట్టు నటించడం నేర్పారు. కార్పెట్ మీద వెల్లకిలా పడుకోబెట్టి, “ఊపిరి ఆపడం సులువే. రెప్ప వేయకపోవడమే కష్టం” అని చెప్పి, అది రెప్ప వేసిన ప్రతిసారీ “బతికున్నావ్!” అని చప్పట్లు కొట్టేవారు. అది పగలబడి నవ్వేది.

నాకంటే అంత పెద్దాయన్ని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాక, మా అమ్మాయిలాగే నేనూ అంకుల్ అనేదాన్ని. “నాకో పేరుంది” అని మొదట్లో రెండుమూడుసార్లు గుర్తు చేసి, తర్వాత ఊరుకున్నారు.

ఆయన ముఖం అందరికీ తెలుసు, పేరు ఎవరికీ తెలీదు. ఇండియన్ స్టోర్‌లో ఒకాయన ఆపి, “మీరు మా పాత డెంటిస్టు కదా?” అని అడిగాడు. “పళ్ళు ఎలా ఉన్నాయి ఇప్పుడు?” అన్నారు అంకుల్ ఎంతో శ్రద్ధగా. బయటికి వచ్చాక, నిజం చెప్పొచ్చు కదా అన్నాను. “పాపం, నేనెక్కడో పనికొచ్చానని అనుకుంటున్నాడు. అలాగే అనుకోనీ” అన్నారు.

వినడంలో ఆయన్ని మించినవాళ్ళని నేను చూడలేదు. “పేరున్నవాళ్ళు మాట్లాడతారు, నేను వింటాను. నా ఉద్యోగమే అది” అనేవారు. ఒక క్రిస్మస్‌కి మా తెలుగు చర్చికి తీసుకెళ్ళాను. గంటన్నర తెలుగు ప్రసంగం, ఒక్క ముక్క అర్థం కాదు. అయినా ఆయన ఎంత బాగా విన్నారంటే, మా పాస్టరుగారు సంఘాన్ని వదిలేసి ఆయన వైపే తిరిగి ప్రసంగించారు. భోజనాల దగ్గర నాతో, “ఆ పెద్దాయన వాక్యం బాగా గ్రహించారమ్మా” అన్నారు. నేను కాదనలేదు.

ఇప్పుడు వేషం కావాలంటే ఎవరి ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదట. స్క్రిప్టులో రెండు పేజీలు పంపుతారు. ఇంట్లోనే నటించి, వీడియో తీసి పంపాలి. దాన్నే టేపు అంటారట. ఎదుటి పాత్ర మాటలు కెమెరా పక్కన నిలబడి ఒకరు చదవాలి. ఆ మనిషి కనపడకూడదు, నటించకూడదు. చివరి నాలుగేళ్లూ ఆయనకి అలా చదివిపెట్టింది నేనే. మందుల కంపెనీలో పొద్దస్తమానం రిపోర్టులు చదివే నాకు అదో పెద్ద పని అనిపించలేదు.

గోడకి నీలం దుప్పటి, ఇస్త్రీ బల్ల మీద పుస్తకాల దొంతర, దాని మీద ఫోన్. వీడియోలో కనపడేది నడుం పై భాగమే. అయినా ఆయన జడ్జికి ఒక జత బూట్లు, డాక్టరుకి ఇంకో జత మార్చేవారు. “ఎవరు చూస్తారు అంకుల్?” అంటే, “కాళ్ళకి తెలుస్తుంది కదా” అనేవారు.

నిరుడు చలికాలంలో ఒక పెద్ద వేషం కోసం పేజీలు వచ్చాయి. ఇంటిల్లిపాదినీ కాల్చుకు తిన్న ముసలి తండ్రి. కథ చివరిదాకా బతికే ఉంటాడు. “చావకుండా ఉండే వేషం రావడానికి డెబ్బై ఆరేళ్లు పట్టింది” అన్నారు. సాయంత్రం ఐదులోగా పంపాలి.

సీను చిన్నదే. కూతురు తండ్రి చేసినవన్నీ ఏకరువు పెట్టి, ఆఖరున “నువ్వు చచ్చిపోతే బాగుండు నాన్నా” అంటుంది. తండ్రి జవాబు చెప్పడు. ఆ మాట పడ్డాక అతని ముఖంలో ఏం జరుగుతుందో, అదే సీను.

నేను అక్కడిదాకా చదివి ఆగిపోయాను.

“లైను కనపడలేదా?”

“కనపడింది అంకుల్.”

రెండోసారి “నువ్వు వెళ్ళిపోతే బాగుండు” అని చదివాను. ఆయన తల అడ్డంగా ఊపారు. “అది కాదు రాసింది. నువ్వు అంటున్నది నన్ను కాదు, ఆ తండ్రిని.”

“ఆ తండ్రికి కూడా మీ ముఖమే ఉంది కదా అంకుల్” అన్నాను.

మూడోసారి “నువ్వు” దగ్గరే ఆగిపోయాను. “నావల్ల కాదు, సారీ” అని ఏడ్చేశాను. ఆయన చాలాసేపు నా వంక చూసి, లేచి వచ్చి ఫోన్ ఆపారు. అప్పటికి ఐదుకి పది నిమిషాలుంది. చదవడానికి ఇంకెవరూ దొరకరు. మూడింటిలో ఏదో ఒకటి పంపారు. ఏదని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మూడు వారాల తర్వాత ఆ వేషం వేరే ఆయనకి వెళ్ళిందని తెలిసింది.

పులిహోర పట్టుకెళ్ళి, నావల్లే పోయిందని చెప్పాను. “వాడు మంచి నటుడు. ముక్కు కూడా నాకన్నా పెద్దది” అన్నారు, అంతే. మళ్ళీ చదవడానికి నన్నే పిలిచారు. అప్పట్నుంచి చావు మాట ఎక్కడున్నా ముందే పెన్సిల్‌తో కొట్టేసి ఇచ్చేవారు. అక్కడ ఊరికే దగ్గితే చాలన్నారు. నేను దగ్గేదాన్ని, ఆయన నటించేవారు.

అయినా నా మనసు ఊరుకోలేదు. ఒక్క మాట చదివి ఉంటే ఆ ముఖం ఒక్కసారైనా కథ చివరిదాకా తెర మీద ఉండేది. ఆయన జీవితంలో అడిగిన ఆ ఒక్కదాన్నీ నేను పోగొట్టాను. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

పోయిన శనివారం మా క్లబ్ హౌస్‌లో అందరం ఆయన్ని తలుచుకున్నాం. ఒహాయో నుంచి వచ్చిన ఆయన మేనకోడలు నన్ను వెతుక్కుంటూ వచ్చి, “చదివిపెట్టే ఆవిడ మీరేనా?” అని అడిగింది. అవునన్నాను.

“ఆ తండ్రి వేషానికి మామయ్య పంపింది మూడో టేపే, మీకు చెప్పారా?” అంటూ ఫోన్ తీసింది. ఆమెకీ ఒక కాపీ పంపారట. కింద ఆయన రాసిన మాటలు చూపించింది: “ఇన్నేళ్లలో నన్ను చావనివ్వనిది ఈమె ఒక్కతే. వేషం వచ్చినా రాకపోయినా, ఇది దాచు.”

ఇద్దరం కిటికీ దగ్గర నిలబడి ఆ టేపు చూశాం. నీలం దుప్పటి ముందు ఆయన. పక్క నుంచి నా గొంతు గడగడా చదువుకుంటూ వచ్చి, “నువ్వు” దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత ఏడుపు, సారీ. ఆయన కెమెరా వంక చూడటం లేదు. దానికి కొంచెం పక్కగా, నేను నిలబడిన చోటికి చూస్తున్నారు. ఆ కళ్ళలో విసుగు లేదు. అర్థం కాని తెలుగు ప్రసంగాన్ని విన్నట్టే, నేను చెప్పలేకపోతున్న దాన్ని వింటున్నారు.

రెప్ప వేశారు. కాసేపాగి, మళ్ళీ వేశారు.