చినగని నలుపు

మా నేతల ఊరు మహల్లాలో బట్టలకి రంగులద్దేవాళ్ళలో షహ్హాత్ అంత మొండివాణ్ణి నేను చూడలేదు. ఏళ్ళ తరబడి ఒకే తొట్టి దగ్గర పనిచేశాం. ఆ మొండితనంతో వాడు ఏం పోగొట్టుకోబోయాడో వింటే మీరూ తిడతారు.

మా వీధి చివర ఉడికించిన చిక్కుళ్ళు అమ్మే వసీలా, మొగుడు పోయినప్పటి నుంచీ నల్లబట్ట విడవలేదు. షహ్హాత్‌కి ఆమె అంటే ప్రాణం. రోజూ పొద్దున్నే గిన్నె పట్టుకుని వెళ్ళి, మాట పెగలక, చిక్కుళ్ళు పోయించుకుని తిరిగొచ్చేవాడు. ఒకరోజు ఆమే మా కార్ఖానాకి వచ్చి వాడితో అంది.

"ఉస్తాదూ, ఇస్త్రీ చేసుకునే తీరిక నాకెక్కడిది? ముడతపడని నూలుబట్ట నల్లగా అద్దిపెట్టు, గౌను కుట్టించుకుంటా. అది చిరిగేదాకా నలుపే. తర్వాత రంగుబట్ట. అల్లా మీద ఒట్టు."

ఆమె వెళ్ళగానే వాణ్ణి పక్కకి లాగాను.

"నీ పంట పండింది రా! గంధకపు నలుపు వెయ్యి. ఏడాది తిరక్కుండా పీలికలవుతుంది. ఆమె నలుపు వదిలితే పెళ్ళి మాట ఎత్తొచ్చు."

రంగేశాక ముడత పడకుండా మందు పట్టించి వేడిలో కాలుస్తాం. అందులోనే నూలు బలం చాలా పోతుంది. వేసింది గంధకపు నలుపైతే, పెట్టెలో ఉండగానే ఆమ్లం పుట్టి దారాన్ని తినేస్తుంది. అందరూ వాడే చౌక రంగే కాబట్టి, కావాలని చేశామని ఎవరూ అనుమానించరు.

"బజారు మధ్యలో ఆమె వీపు మీద నా బట్ట చిరగాలా?" అన్నాడు. "ఆమె ఏడుపు ఎప్పుడాగాలో ఆమె చూసుకుంటుంది."

దారంతో కలిసిపోయే ఖరీదైన రంగు వేశాడు. నీళ్ళు తేటపడేదాకా జాడించాడు. మందు పలచగా పట్టించి, మాడకుండా కాపు కాశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఏళ్ళు గడిచినా ఆ గౌను చిరగలేదు, వెలిసిపోలేదు. వాడి జుట్టే తెల్లబడింది. వాణ్ణి చూస్తే జాలేసేది.

నిరుడు పండగ ముందు వసీలా వేరే పాత నల్లగౌను వేసుకొచ్చి, ఆ గౌను బల్ల మీద పడేసింది.

"ఏం కలిపావయ్యా ఇందులో? మోచేతులు గోడకేసి రుద్దినా చిరగదే! చచ్చేదాకా ఇదే వేసుకోమంటావా?"

"చెడగొట్టడం చేతకాలేదు" అన్నాడు వాడు, తల ఎత్తకుండా.

నేను కత్తెర అందించాను.

"కోస్తే ఒట్టు తప్పినట్టే. చిరగాలి. పట్టు ఆ కొస" అంది వసీలా షహ్హాత్‌తో.

ఇద్దరూ చెరో కొస పట్టి లాగారు. మొహాలు ఎర్రబడ్డాయి. చివరికి చర్రున చిరిగింది. షహ్హాత్ కళ్ళనిండా నీళ్ళతో ఆ చిరుగు తడిమి, "దారం ఇంకా గట్టిగానే ఉంది" అన్నాడు.

వసీలా నెత్తి కొట్టుకుని నవ్వింది.

"తెలుసులేవయ్యా. ఇప్పుడు పచ్చది అద్దు, ఇంతే గట్టిగా. నీ ఇంట్లో వేసుకోవాలి."