హార్బరు దాటి, శిరీష అరటి కోసం

పెరట్లో అరటి పెట్టాలని ఉంది, ఈ మంచులో ఎలా బతుకుతుంది ఆంటీ అని మన హాలిఫాక్స్ తెలుగువాళ్ళ గ్రూపులో ఇద్దరు ముగ్గురు అడిగారు. రెండు ముక్కల్లో చెప్తే అర్థం కాదు. నేను వెళ్ళి నేర్చుకున్న రోజు ఎలా గడిచిందో అలాగే రాస్తే మీకూ దారి తెలుస్తుందని ఇది రాస్తున్నాను. నేను చదివింది ఏడో తరగతి వరకే. మాట్లాడినట్టే రాస్తాను, సర్దుకుని చదువుకోండి.

మాది రావులపాలెం పక్కన చిన్న ఊరు. బుద్ధెరిగినప్పటి నుంచి అరటితోటల్లోనే తిరిగాను. ఇక్కడ కెనడాలో మా ఆయన హోటల్లో వంట చేస్తారు, నేను ఆఫీసుల్లో క్లీనింగ్‌కి వెళ్తాను. మా అమ్మాయి శిరీష హాస్పిటల్ ల్యాబులో చేసేది. ఒక మే నెలలో బకెట్లో అరటి పిలక పట్టుకొచ్చి కంచె పక్కన పాతింది. ఇది చలికి ఓర్చుకునే రకమట, కాయ తినడానికి పనికిరాదట. తినడానికి లేని అరటి ఎందుకే అని నవ్వాను. "కాయ కోసం కాదమ్మా, ఆకులో అన్నం తినాలని నువ్వు గోల పెడతావుగా, అందుకు" అంది. నిజంగానే జూలై నుంచి మాకు ఆకుకి లోటుండేది కాదు. ప్రతి అక్టోబరులో ఒకరోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి చెట్టు సగానికి పైన ఉండేది కాదు. మంచు కొట్టేసిందమ్మా అనేది. మిగిలిన మొదలు ఏదో ఆకుల కుప్పలో దాచేసేది. ఆ చలికి నేను బయటికెళ్ళి చూసిందీ లేదు. మేలో మళ్ళీ లేచేది. ఆ రోజుల్లోనే నా పాత నేతచీరలు ఒక్కొక్కటీ కనబడకుండా పోయేవి. డొనేషన్ డబ్బాలో పడేస్తున్నావా అని తిడితే నవ్వి ఊరుకునేది.

రెండేళ్ళ కిందట ఏప్రిల్లో శిరీష పోయింది. జ్వరమని చేర్చాం. పద్దెనిమిది రోజులు. దానికి ఇరవయ్యారేళ్ళు. అంతకన్నా రాయలేను.

ఆ ఏడు అక్టోబరులో చెట్టుని నేనే చూసుకున్నాను. అరటి గురించి నాకొకరు చెప్పాలా అనుకున్నాను. మా అమ్మ గెల వేయని అరటికి కత్తి పెట్టనిచ్చేది కాదు, పాపం అనేది. అందుకని కోయకుండా, మొదలు దగ్గర తడి ఎరువు వేసి, నిలువునా ప్లాస్టిక్ పట్టా చుట్టి, చంటిపిల్లకి చుట్టినట్టు తాడుతో బిగించి కట్టాను. మేలో విప్పితే కుళ్ళు వాసన కొట్టింది. బోదె పట్టుకుంటే గంజిలా చేతిలోంచి జారిపోయింది. అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. జూన్ చివర్లో ఓ పక్క నుంచి ఒకే ఒక్క పిలక లేచింది. ఇదీ పోతే శిరీష పాతిన వేరు ఇంక లేనట్టే. దాన్ని ఎండాకాలమంతా కళ్ళలో పెట్టుకుని చూశాను. అక్టోబరుకి నా నడుము దాకా వచ్చింది. మళ్ళీ నా తెలివి దాని మీద వాడటానికి భయం వేసింది.

అప్పుడు శిరీష ఫోన్ తీసి ఛార్జింగ్ పెట్టాను. అందులో "అరటి తాత" అని ఒక నంబరుంది. చేస్తే ఒక పెద్దాయన ఎత్తి తెలుగులో మాట్లాడారు. శిరీష వాళ్ళ అమ్మనంటే, పిల్ల రెండేళ్ళయింది రాలేదు, కోపమా అని అడిగారు. ఫోనులో చెప్పలేకపోయాను. శనివారం వస్తానని అడ్రసు రాసుకున్నాను.

శనివారం మా ఆయనకి హోటల్లో రద్దీ, రాలేరు. ఎక్కడికైనా శిరీషే తీసుకెళ్ళేది, ఒక్కదాన్నే హార్బరు దాటడం అదే మొదటిసారి. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని ఎనిమిదిన్నర బస్సెక్కాను. చార్జీ మూడు డాలర్లు. సరిగ్గా చిల్లర పట్టుకెళ్ళండి, డ్రైవరు తిరిగి ఇవ్వడు. ట్రాన్స్‌ఫర్ చీటీ మాత్రం అడిగి తీసుకోండి, అది ఫెర్రీకీ తర్వాతి బస్సుకీ కూడా పనికొస్తుంది. డౌన్‌టౌన్‌కి నలభై నిమిషాలు. అక్కడ దిగి పల్లంలోకి పది నిమిషాలు నడిస్తే ఫెర్రీ. అవతలి ఒడ్డుకి పావుగంట కూడా పట్టదు. పైన నిలబడితే గాలికి చెవులు పోతాయి, కింద కూర్చోండి. పంటు పడవ మీద మా గోదావరి దాటినట్టే అనిపించింది, కాకపోతే ఇక్కడ మేకలూ సైకిళ్ళూ లేవు. అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. నేను మాత్రం ఆ పెద్దాయనకి ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

డార్ట్‌మత్‌లో దిగగానే ఎదురుగానే బస్సులు ఆగుతాయి. డ్రైవరుకి అడ్రసు కాయితం చూపిస్తే, ముందు సీట్లో కూర్చోమని, ఎక్కడ దిగాలో నేను చెప్తా డియర్ అన్నాడు. ఇక్కడివాళ్ళు అందరినీ అలాగే పిలుస్తారు కదా, అయినా ఆ రోజు ఆ మాట చల్లగా తగిలింది. అరగంటలోపే దింపాడు. పదీ నలభై అయింది. సముద్రం వైపు చిన్న చెక్క ఇల్లు. దాని పెరట్లో మనిషిని మించిన అరటిచెట్లు ఆరేడు, గాలికి ఆకులు చీలికలై, అంచులు మంచుకి నల్లబడి ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ ఇంత అరటి ఒక్కచోట చూడలేదు.

ఆయన పేరు అప్పన్న గారు. డెబ్బై దాటాయి. పుట్టింది ఫిజీలో. వాళ్ళ తాతని ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి చెరుకు తోటల పనికి ఓడెక్కించారట. ఈయన వయసులో ఉండగా బ్రిటిష్ కొలంబియా వచ్చి ఓడలకి రంగులేసే పని చేసి, ఆ పని మీదే ఇటు వచ్చారు. శిరీష బకెట్లో తెచ్చిన పిలక ఈయన ఇచ్చిందేనట. ఆయనకి వచ్చిన తెలుగు వాళ్ళ నాయనమ్మ నేర్పిందే, మధ్యలో ఇంగ్లీషు. గేటు తీసి నా వెనక్కి చూశారు.

"పిల్లేదమ్మా?"

దారంతా అనుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. లేదండీ, పోయింది అన్నాను. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని, అక్కడ బోర్లించి ఉన్న బకెట్ మీద కూర్చున్నారు. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. ఆయన లేచి, టీ పెడతాను అన్నారు. టీలో నాలుగు చెంచాల పంచదార వేశారు. నా మొహం చూసి, "సెరుకు తోటోళ్ళం, సక్కెరకి లోటు సెయ్యం" అన్నారు. పులిహోర పెడితే మెల్లగా తిన్నారు. నాయనమ్మ చేసేదని ఒక్క మాటన్నారు.

తర్వాత పెరట్లోకి తీసుకెళ్ళారు. ఒక చెట్టుని అప్పటికే చలికాలానికి కట్టేశారు. మోకాలెత్తున కోసిన మొదలు, చుట్టూ గుడ్డ. ఆ గుడ్డ చూసి నేను వంగిపోయాను. పసుపుపచ్చ నేతచీర, ఎర్ర అంచు. అంచు దగ్గర నేను రఫ్ఫు చేసిన నల్లదారం అలాగే ఉంది.

"ఈ చీర నాదండీ" అన్నాను.

"శిరి తెచ్చింది. పలాస్టిక్ కడితే లోపల సెమట పట్టి కుళ్ళిపోతాది, పాత కాటన్ తే అన్నాను. ఏటా రెండు తెచ్చేది, నాకొకటి దానికొకటి. మా అమ్మ తిడతంది తాతా, అయినా తెచ్చాను అనేది."

నేను మొదలు కోశానా లేదా అని అడిగారు. కోయలేదన్నాను, మా అమ్మ మాట చెప్పాను. ఆయన తలూపి, తెలుసు అన్నారు. శిరీష ఆయనకి అదీ చెప్పిందట. మా అమ్మ చూస్తే కోయనివ్వదు, డ్యూటీకి వెళ్ళాక కోసేసి మంచు మీద నేరం పెడతానని నవ్వేదట. నాకూ నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ నేను తిట్టింది పాపం మంచుని. ఆ నవ్వు నవ్వుతూనే ఏడుపైపోయింది. ఆయన అటు తిరిగి తాడు చుట్టుకుంటూ ఉండిపోయారు.

కాసేపాగి రంపం లాంటి కత్తి తెచ్చి నా చేతికిచ్చి, పక్క చెట్టు చూపించారు. పట్టుకున్నాను కానీ చెట్టుకి ఆనించలేదు. గెల వేయలేదు కదండీ అన్నాను.

"ఈ సలిలో పైన బోదె ఎలాగూ పోతాదమ్మా. బతికేది కింద దుంపలో ఉంది. పైదాన్ని పట్టుకుని కూకుంటే కిందదీ కుళ్ళిపోతాది."

కోశాను. కత్తి దిగగానే నీళ్ళు కారాయి. అదే వాసన, మా తోటల వాసన. కోటు మీద పడ్డ అరటి కర మరక ఈ రోజుకీ పోలేదు. ఆ తర్వాత మిగతా పని చేయించారు. మోకాలెత్తున మొదలు ఉంచాలి. కాటన్ గుడ్డ రెండు మూడు చుట్లు వదులుగా చుట్టాలి. చుట్టూ జానెడు జాగా వదిలి ఇనుప జాలీ నిలబెట్టి, అందులో నడుమెత్తున ఎండిన ఆకులు కూరాలి. పైన వాన, మంచు పడకుండా ఒక చెక్క, దాని మీద ఇటుక. పక్కలు మూయకూడదు, గాలాడాలి. ఇంతేనా అనిపిస్తుంది, ఇంతే. ఆ రాత్రికి మైనస్ ఆరు అన్నారు, ఇవాళే కట్టెయ్యమ్మా అని తొందర పెట్టారు. నా చీర విప్పి ఇస్తానన్నారు. వద్దన్నాను, ఈ చలిలో దాన్ని లేపడం ఎందుకు. ఏమైనా ఇవ్వబోతే తీసుకోలేదు. ఎండుటాకులు నింపిన పెద్ద కాయితం సంచులు రెండు చేతికిచ్చి బస్సు దాకా వచ్చారు.

రెండు గంటల బస్సుకి పొద్దుటి డ్రైవరే. సంచుల్లోకి తొంగి చూసి, మేం రోడ్డు మీద పారేసేదాన్ని నువ్వు టికెట్ కొని తీసుకెళ్తున్నావా అన్నాడు. ఇంగ్లీషులో ఏం చెప్పాలో తెలియక, మై డాటర్స్ బనానా అన్నాను. దిగేటప్పుడు ఒక సంచి తనే కిందికి అందించాడు. తిరుగు ప్రయాణానికి ఇంకో మూడు డాలర్లు, నాలుగుంపావుకి ఇంట్లో ఉన్నాను.

చీరల బీరువా తీశాను. ఇక్కడికొచ్చాక త్వరగా ఆరతాయని అన్నీ సిల్కు రకాలూ పాలిస్టరువే కొన్నాను. ఉన్న నేతచీరలన్నీ శిరీష అరటికే కట్టేసింది. ఇల్లంతా వెతికితే కాటన్‌ది ఒక్కటే ఉంది, శిరీష మంచం మీద దుప్పటి. నీలం పూలది. అది హాస్పిటల్‌కి వెళ్ళిన పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. ఏడాదిన్నరగా ఆ గది ఊడుస్తాను కానీ మంచం ముట్టుకోలేదు. గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. కిటికీలో ఎండ తగ్గిపోతోంది.

తీశాను.

పెరట్లో అరటిని కోసేసరికి మా ఆయన మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చారు. నా చేతిలో దుప్పటి చూశారు. ఏమంటారోనని నేను తలెత్తలేదు. ఆయన వచ్చి రెండో కొస పట్టుకుని, "అంచు లోపలికి దోపు, గాలికి ఊడిపోతుంది" అన్నారు. ఇద్దరం కలిసి చుట్టాం. జాలీ ఆయన పట్టుకున్నారు, ఆకులు నేను పోశాను. చీకటి పడేలోపే అయిపోయింది.

ఇది మే నెల. మొన్న ఆదివారం ఆకులు తీసి దుప్పటి విప్పాను. దగ్గరగా ముక్కు పెట్టి వాసన చూశాను, కుళ్ళు లేదు. మొదలు నొక్కితే గట్టిగా ఉంది. మధ్యలోంచి చిటికెనవేలంత ఆకుపచ్చ మొన బయటికొచ్చింది. అప్పన్న గారికి ఫోన్ చేసి చెప్పాను. నా బిడ్డ నా దగ్గర చాలా దాచిందనుకోండి, కానీ దాచిందంతా నా చీరల్లోనే చుట్టి దాచింది. ఆ దుప్పటి ఉతికాను. మట్టి మరకలు పూర్తిగా పోలేదు. మళ్ళీ దాని మంచం మీద పరవాలనిపించలేదు, మడిచి పెరటి తలుపు దగ్గర అలమారలో పెట్టాను, అక్టోబరుకి కావాలి కదా. మీరు అప్పన్న గారి దగ్గరికి వెళ్ళాలనుకుంటే గ్రూపులో నన్ను అడగండి, ఆయన్ని కనుక్కుని చెప్తాను. వెళ్తే మాత్రం అక్టోబరు మధ్యలో, మొదటి మంచుకి ఆకుల అంచులు నల్లబడ్డాక వెళ్ళండి, ఉత్త చేతులతో వెళ్ళకండి. మెత్తబడిన పాత కాటన్ గుడ్డ రెండు పట్టుకెళ్ళండి, ఆయనకొకటి, మీకొకటి.