రొవీనా సంతకం

అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రం తూర్పు కొండల్లో గొర్రెలు పెంచే రొవీనా టీగ్ ఇంట్లో తుపాకీ ఎప్పుడూ తలుపు వెనకే, గొడుగు పక్కన ఉంటుంది. తెల్లవారగానే ఆమె కాఫీ కప్పుతో దొడ్డి చుట్టూ తిరిగి, గొర్రెపిల్లల కోసం వచ్చిన కయోటీ తోడేళ్ల అడుగుజాడలు వెతుకుతుంది. పిలిస్తే పోలీసు రావడానికి గంటన్నర పడుతుంది. పోయిన వేసవిలో పొట్టేలు కుమ్మి ఆమె కుడి మణికట్టు విరిగింది. అతుక్కుంది గానీ, కలం పడితే చేయి వంకరపోతుంది. తుపాకీ కొనాలంటే అనుమతిపత్రం ఉండాలనే చట్టం మీద రాష్ట్రమంతా ఓటింగు పెడితే, వద్దని ఆమె పోస్టులో ఓటు పంపింది. కవరు మీది సంతకం పాతదానితో కలవలేదని ఎన్నికల ఆఫీసు దాన్ని పక్కన పెట్టి, ఓటింగు ముగిసిన మూడు వారాల్లోగా వచ్చి సరిచేసుకుంటే లెక్కలో కలుపుతామంది.

మంచులో అరవై మైళ్లు ట్రక్కు నడుపుకుంటూ వచ్చిన ఆమెను చూసి గుమాస్తా గ్లెండా తల పట్టుకుంది.

"పిచ్చిదానా, ఆ చట్టం గెలిచి వారమైంది! మన జిల్లా మొత్తం వద్దన్నా, పోర్ట్‌లాండ్ మహానగరంలో రెండు పేటలు చాలు మనల్ని ముంచడానికి."

"మా ఇంట్లోనూ రేడియో ఉందిలే. కాయితం ఇటు తే."

"ఆ చెయ్యేంటే?"

"పొట్టేలు కుమ్మింది."

"అది పోర్ట్‌లాండ్ పక్షమన్నమాట."

రొవీనా కాయితం ముందుకు లాక్కుంది. కుడి మణికట్టును ఎడమ చేత్తో బిగించి పట్టుకుని, బడిపిల్లలా ఒక్కో అక్షరం దిద్దింది. గ్లెండా పాత సంతకంతో పోల్చి చూసి, సరేనని ముద్ర వేసింది.

"ఇంత దూరం వచ్చావు, ఏం మారిందే?"

రొవీనా చేతితొడుగులు వేసుకుంది.

"ఓడామని తెలుసు గ్లెండా. ఎంతమందిమి ఓడామో ఆ పోర్ట్‌లాండ్ వాళ్లకి సరిగ్గా లెక్క చెప్పు."