లేజరంటే నమ్మలే

కరీంనగర్‌ల మంగు మచ్చలకు లేజర్ చేయించుకొని పెద్దపల్లి బస్సెక్కిన. మొకం వాచి మండుతుంటే చున్నీ చుట్టుకున్న. గాలికి అది జారంగనే పక్క సీట్ల పెద్దామె నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"ఎవరు కొట్టిండ్రు బిడ్డా?"

"ఎవరు కొట్టలే అమ్మా. లేజర్ చేయించుకున్న."

గంతల మా ఆయన ముందు సీటు నుంచి నీళ్ల సీసా తెచ్చిండు. ఆమె నాకు అడ్డంగ చెయ్యి పెట్టి, ఆయన కండ్లల్లకే చూసింది. బస్సంత మా దిక్కే తిరిగింది. ఆయన బిత్తరపోయి, సీసా నా ఒళ్లె పెట్టి పోయిండు.

"నిజంగ లేజరే అమ్మా."

"నేను గూడ అందరికి బాత్రూంల జారిపడ్డ అనే చెప్పేదాన్ని."

ఆమె సుల్తానాబాద్‌ల దిగేదాక నా చెయ్యి ఇడువలే.

మంగు పోయింది. ఇప్పుడు బస్సుల ఎవరన్న ఆడామె మొకం దాచుకొని కనవడితే, ఆమె పక్క సీటు ఖాళీ ఉన్నదా అని చూస్త.